బోర్డింగు చిట్టాలోని సంబంధములు

వార్షిక పత్రికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి పంపవలసినదని సంపాదకులవారు ఈ మాఱు మమ్ము కోరిరి. మేము ఈ పాఠశాలలో పదవ తరగతి ముగించి వెడలిపోయి చాల కాలమైనది. జీవనోపాధికై హైదరాబాదులో కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుచున్నాము. మాకు తెలిసిన విద్య అదియొక్కటే గనుక దానినిగూర్చియే వ్రాయుచున్నాము. ఇందు కొంత భాగము మా తప్పిదమునకు సంబంధించినది. ఆ సంగతి పాఠశాలలో పలువురకు తెలియును. తెలియనివారు మా వలననే తెలిసికొనుట మేలని తోచినది.

2023 వేసవి సెలవులలో ప్రధానోపాధ్యాయులవారు మాకు కబురంపిరి. బోర్డింగు చిట్టాలతో బీరువాలు నిండిపోయినవనియు, మాసమునకొక పర్యాయము భోజన రుసుముల లెక్క తేల్చుటకు గుమాస్తాగారికి వారము దినములు పట్టుచున్నదనియు, వానిని కంప్యూటరున కెక్కించు ఏర్పాటు మావలన నగునా యనియు అడిగిరి. మేము మాఱుమాట లేక ఒప్పుకొంటిమి. మేము చదువుకొన్న దినములలో ఆ చిట్టాలో మా పేరును ఉండెను. అదియును రుసుము మినహాయింపు పొందినవారి పుటలో ఉండెను. కాబట్టి ఆ పుట విలువ తెలియక ఈ పనికి పూనుకొంటిమని యెవ్వరును అనజాలరు.

గుమాస్తాగారి చిట్టాను చూచినవారికి అది మఱపునకు రాదు. ఎఱ్ఱ గుడ్డ అట్ట, చుట్టును నాడా. ఒక బాలుని పేరు తీసివేయవలసివచ్చినప్పుడు ఆయన దానిని చెఱిపివేయడు. ఎఱ్ఱ సిరాతో సన్నని గీతనొకదానిని గీచి, ప్రక్కను తేదీ వేసి, పొట్టి సంతకము చేయును. గీత క్రింద పేరు చదువుట కెప్పుడును వీలుండును. ఆ పద్ధతిని చూచి మేము లోలోపల నవ్వుకొంటిమి. ఇన్ని గీతలతో పుట పాడగుచున్నదే, శుభ్రముగ తిరుగ వ్రాసికొనరాదా యని ఆయనతోనే అంటిమి. ఆయన కండ్లద్దముల మీదుగా మమ్ము చూచి, “శుభ్రం సంగతి తరువాత చూద్దాం గాని, ముందు ఉన్నదున్నట్టు ఎక్కించవోయ్” అనిరి.

ఇక యంత్రములో చిట్టా యెట్లుండునో పిల్లలకు తెలియునట్లు చెప్పెదము. విద్యార్థుల కొక పట్టిక, సంరక్షకుల కొక పట్టిక, సహాయముల కొక పట్టిక వేసితిమి. ప్రతి వరుసకును ఒక సంఖ్య యుండును. సహాయముల పట్టికలో 1 పుస్తకములు, 2 దుస్తులు, 3 ప్రయాణపు ఖర్చు, 4 భోజన రుసుము మినహాయింపు. బాలుని కొక్కడే సంరక్షకుడు గనుక బాలుని వరుసలోనే ఒక గడి విడిచి, అందు సంరక్షకుని సంఖ్యను వ్రాసిన చాలును. దీనిని ఫారిన్ కీ యందురు. సహాయముల విషయ మట్లు కాదు. ఒక బాలునకు రెండు మూడు సహాయము లుండవచ్చును. ఒక సహాయమును నలువదిమంది బాలురు పొందవచ్చును. సహాయపు వరుసలో నలువది గడులు విడుచుట యెట్లు? అందుచేత రెండు పట్టికల నడుమ మూడవ పట్టిక నొకదానిని వేయుదురు. దానిలో పేర్లుండవు, ఊర్లుండవు. ఒక్కొక్క వరుసలో సంఖ్యలు రెండే: ఈ బాలుడు, ఈ సహాయము. మేము దీనికి జతపట్టిక యని పేరు పెట్టుకొంటిమి. ఈ జతపట్టికయే మా కథకు మూలము.

ఇట్లు పట్టికలను సంఖ్యలచేత ముడివేయు పద్ధతి మా కల్పన కాదు. 1970 లో ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయుడు ఒక వ్యాసమును ప్రకటించెను. సమాచారము యంత్రములో ఏ మూల నున్నదో దానిని వాడుకొనువాడు తెలిసికొననక్కఱలేదు, దాని నంతటిని పట్టికలుగా భావించిన చాలును, ఒక పట్టికకును మఱియొక పట్టికకును గల సంబంధము వానిలోని విలువలచేతనే తెలియవలెను అని ఆయన మతము. నేడు బ్యాంకులును, రైల్వేవారును, ఆస్పత్రులును చాలవఱకు ఈ త్రోవనే నడచుచున్నవి.

అయితే ప్రోగ్రాము వ్రాయువానికి పట్టికలతో మాటలాడుట సుఖముగ నుండదు. వాని మనస్సులో బాలుడు ఒక వస్తువు, ఆబ్జెక్టు. ఆ బాలుని చేయి పట్టుకొని వాని తండ్రి నిలిచియుండును; ఆ తండ్రిచుట్టు వాని బిడ్డలందఱును ఉందురు. పట్టికకు ఈ చేయి పట్టుకొనుట తెలియదు. దానికి తెలిసినవి గడులును సంఖ్యలును. ఈ యిరువురి నడుమ ఒక దుబాసి కావలెను. పూర్వము దొరలకును రైతులకును నడుమ దుబాసి నిలిచినట్లు, ఆబ్జెక్టులకును పట్టికలకును నడుమ నిలుచు దుబాసికి ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపింగ్ అని పేరు; పొట్టిగా ఓ.ఆర్.ఎం. అందురు. దుబాసి మంచివాడైన పని చక్కగా సాగును. కాని మన మాట దుబాసి యేమని అర్థము చేసికొన్నాడో విచారింపని వానికి చిక్కులు తప్పవు.

మేము వాడిన దుబాసి జాంగో యను చట్రములోనిది. ఇది పుట్టినచోటు విచిత్రము. అమెరికాలో కాన్సస్ రాష్ట్రమున లారెన్సు అను పట్టణము కలదు. అక్కడి దినపత్రిక కార్యాలయములో పనిచేయుచుండిన అడ్రియన్ హొలొవాటి, సైమన్ విల్లిసన్ అను యువకులు 2003 లో తమ పత్రిక పనుల కొఱకు దీనిని ఆరంభించిరి. 2005 జూలైలో అది లోకులందఱకు ఉచితముగ ఈయబడెను. నేటికిని దాని పాఠములలో కొన్ని ఉదాహరణములు విలేఖరులు, వార్తలు, ప్రచురణలు. పుట్టినింటి వాసన పోలేదు. జాంగో యనునది 1910 లో బెల్జియమున పుట్టిన జాంగో రైన్‌హార్ట్ అను గిటారు వాద్యకాని పేరు. ఆంగ్లములో వ్రాయునపుడు మొదట నొక డి అక్షరముండును గాని అది పలుకదు. 1928 లో ఆయన నివసించు బండి తగులబడి ఎడమచేతి వ్రేళ్లు రెండు పనికిరాకపోగా, మిగిలిన వ్రేళ్లతోనే తిరుగ వాద్యము నేర్చి ఐరోపాఖండమంతట ప్రసిద్ధుడయ్యెను. ఇది మా విషయమునకు చెందదు గాని, చెప్పక పోజాలకపోతిమి.

సంబంధమును వ్రాయుట యెట్లన్నది ఇక చెప్పవలెను. బాలునకు సంరక్షకుని కుదుర్చుట తేలిక. బాలుని సంరక్షకుడు ఫలానివాడు అని సమానచిహ్నముతో వ్రాసి, పిమ్మట సేవ్ అను ఆజ్ఞ నీయవలెను. ఆ ఆజ్ఞ యీయకున్న నీవు వ్రాసినది యంత్రపు జ్ఞాపకములో నుండునే గాని పట్టికలోనికి పోదు. క్రొత్తవారందఱును మొదట ఇక్కడ జాఱిపడుదురు. మఱియు తండ్రి వరుస పట్టికలో నమోదు కాకమునుపే బిడ్డను నమోదు చేయబోయిన దుబాసి ఒప్పుకొనడు. ఆ తండ్రికి ఇంకను సంఖ్యయే లేదు గదా, ఏ సంఖ్యను వ్రాయుదునని నిలిచిపోవును. ఇది న్యాయమే.

జతపట్టిక దారి వేఱు. అచ్చట సేవ్ అను ఆజ్ఞతో పని లేదు. అన్నమాట అన్నట్లే పట్టికలో పడును. ముఖ్యమైన మాటలు నాలుగు. యాడ్ అన్న క్రొత్త జతలను చేర్చును, ఉన్నవాని జోలికి పోదు. రిమూవ్ అన్న చెప్పిన జతలను మాత్రము తీసివేయును. క్లియర్ అన్న అన్నిటిని ఊడ్చివేయును. నాలుగవది సెట్. మనము ఒక జాబితా నిచ్చి సెట్ అన్నచో, ఇకమీదట సంబంధము సరిగా ఈ జాబితా యంతే యుండవలెనని దుబాసి అర్థము చేసికొనును. పాతవారిని క్రొత్త జాబితాతో పోల్చును, అందు లేనివారిని తీసివేయును, క్రొత్తవారిని చేర్చును, ఈ పనియంతయు ఒకే లావాదేవీగా ముగించును. ఇట్లు తీసివేసినపుడు బాలుని వరుస చెక్కుచెదరదు, సహాయపు వరుస చెక్కుచెదరదు. నడుమనున్న ముడి మాత్రము పోవును. పోయినదన్న గుఱుతైనను మిగులదు.

ఇంత తెలిసినవారము తప్పెట్లు చేసితిమని చదువరు లడుగుదురు. ఇప్పుడు తెలిసినది; అప్పుడు తెలియదు. మేము ఈ విద్య నేర్చినది 2013 లో. ఆ దినములలో జతపట్టికకును సమానచిహ్నముతోనే జాబితాను వ్రాయువారు. సెట్ అను మాట 2015 డిసెంబరులో వెలువడిన కూర్పులో వచ్చెను. పాత పద్ధతిని 2017 డిసెంబరులోని రెండవ కూర్పునుండి పూర్తిగ నిషేధించిరి. నడుమ కొన్ని సంవత్సరములు మేము వేఱు పనులలో నుంటిమి. ఇప్పుడు పాత అలవాటు చొప్పున సమానచిహ్నము వ్రాయగా, అట్లు వ్రాయుట నిషిద్ధము, సెట్ వాడుమని యంత్రము తెలియజేసెను. గురువు చెప్పిన దిద్దుబాటు వలె దానిని తలదాల్చితిమి. మాకు కావలసినది సెట్ కాదు, యాడ్. కాని యంత్రమునకు మా మనస్సులోని సంగతి యెట్లు తెలియును? మేము వ్రాసినదానికి అది సరియైన దిద్దుబాటే చెప్పినది.

ఒక సందేహము మాకును రాకపోలేదు: సెట్ అన్నచో పాతవారు పోవుదురేమో? కావున పరీక్షించితిమి. పరీక్షించిన చోటే తప్పుచోటు. ఒక తండ్రి వరుసను తీసికొని, అదివఱకు వాని పేరిట నున్న ఇద్దఱు బిడ్డలు గాక క్రొత్తగా చేరిన మూడవ బిడ్డను మాత్రము జాబితాగా నిచ్చి సెట్ అంటిమి. చూడగా మువ్వురును ఉన్నారు. భేష్, ఇది ఉన్నవారిని తీయదు అని నమ్మితిమి. అసలు కారణము వేఱు. బాలుని వరుసలోని సంరక్షకుని గడి ఖాళీగా నుండరాదని మేమే నియమము పెట్టియుంటిమి. బిడ్డను తండ్రినుండి విడదీసిన ఆ గడిలో నేమి వ్రాయవలెను? వ్రాయుటకేమియు లేదు గనుక అట్టి చోట దుబాసి తీసివేయుట మాని, చేర్చుట మాత్రము చేయును. జతపట్టికలో అట్టి అడ్డము లేదు. ఒకే మాట, ఒక చోట చేర్చును, వేఱొకచోట తుడిచిపెట్టును. ఈ సంగతి పాఠములలో వ్రాసియే యున్నది. మేము చదువలేదు.

2023 ఆగస్టు 11వ తేదీన వార్డెనుగారు క్రొత్తగా మినహాయింపు పొందిన ఐదుగురు బాలుర పేర్లు నమోదు చేసిరి. అంతకు ముందు ఆ సహాయము క్రింద ముప్పది యేడుగురు ఉండిరి. నలువది యిద్దఱు కావలసిన చోట ఐదుగురు మిగిలిరి. తెర మీద నమోదైనది అను మాట పచ్చని అక్షరములతో కనబడెను. విద్యార్థుల మొత్తము మాఱలేదు, సహాయముల మొత్తము మాఱలేదు, అనుమానించుట కేమున్నది? ఆ మాసాంతమున యంత్రము బకాయి నోటీసులను తనంతట తానే అచ్చువేసెను. సామాన్యముగ గుమాస్తాగారు ఒకమాఱు కన్ను వేయుదురు. ఆయన కుమార్తె పురుటికై సెలవులో నుండిరి. నోటీసులు టపాలో వెళ్లినవి.

ముప్పది యేడు కుటుంబములలో చాలమంది ఆ కాగితము చేతబట్టుకొని వచ్చి అడిగిరి; గుమాస్తాగారు వచ్చిన వెంటనే చూతమని చెప్పి పంపిరి. మువ్వురు అప్పుచేసి కట్టిపోయిరి. ఒక తండ్రి మాత్రము అడుగలేదు, కట్టలేదు. సెప్టెంబరు మొదటివారములో నొక ఉదయమున వచ్చి, ఇంటిలో పనియున్నదని చెప్పి, తన కుమారుని ట్రంకుపెట్టెను భుజమున వేసికొని, కుమారుని వెంటబెట్టుకొని బస్సెక్కెను. ఏడవ తరగతి బాలుడు. ఇంటిలో పనియని చెప్పినప్పుడు ఎవ్వరును అడ్డుపెట్టలేదు.

12వ తేదీన గుమాస్తాగారు సెలవునుండి వచ్చి హాజరుపట్టీ చూచుచు ఆ బాలుడేడి యని అడిగిరి. రుసుము బకాయియట, తండ్రి తీసికొనిపోయెనని ఎవరో చెప్పిరి. “బకాయేమిటి? వాడు నా పుటలో ఉన్నాడే!” అని ఆయన బీరువా తెఱచిరి. ఆ సాయంకాలము మాకు టెలిఫోను చేసి, “ఏమోయ్, నీ పెట్టెలో ముప్పై యేడు మంది ఎటుపోయారు?” అనిరి. మేము పెట్టె తెఱచి జతపట్టిక చూచితిమి. నాలుగవ సంఖ్య ప్రక్కను ఐదే వరుసలు. చెమటలు పట్టినవి.

ప్రతి రాత్రియు పట్టికల ప్రతి నొకదానిని తీయించు ఏర్పాటు చేసియుంటిమి గదా యని ధైర్యము తెచ్చుకొనబోతిమి. కాని ఏడు దినముల ప్రతులు మాత్రమే నిలుపునట్లు మేమే కట్టడి చేసితిమి. చోటు ఆదా చేయుటకు. ఆగస్టు 11 కు ముందటి ప్రతి యొకటియు లేదు. మఱునాడు సెలవు పెట్టి వచ్చితిమి. గుమాస్తాగారు ఎఱ్ఱ అట్ట చిట్టాను ముందు పెట్టుకొని పేర్లు చదివిరి. మేము ఒక్కొక్కరిని చేర్చితిమి. ఒక్కొక్క పేరు చేర్చినపుడెల్ల ఆయన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టిరి. గీతలు గీచిన పేర్లనుగూడ చదువగలిగినందున, ఎవ్వరు ఎప్పుడు తీయబడిరో, ఎవ్వరు మఱల చేరిరో సందేహమన్నది రాలేదు. ఆయన మమ్మేమియు అనలేదు. ఏదైన అనియున్నచో బాగుండునని మాకు తోచినది.

ఆదివారమునాడు గుమాస్తాగారును మేమును ఆ బాలుని ఊరికి పోయితిమి. బస్సు దిగి చెఱువుగట్టు మీద కొంతదూరము నడువవలెను. తండ్రి ఇటుకల బట్టీలో పనివాడు, ఇంటివద్దనే యుండెను. మమ్ము చూచి మంచము వాల్చి, మంచినీరిచ్చెను. పొరపాటు మాదనియు, రుసుము లేదనియు, ఎప్పుడును లేదనియు చెప్పితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, “కాయితం మీద రాసుంటే మనమేం అంటామండి? ఇంతకాలం ఊరికే పెట్టారు, ఇప్పుడు వద్దనుకున్నారు గావాల అనుకున్నా” అనెను. అడుగకపోతివేమని గుమాస్తాగారు అనగా, “అడిగితే ఆడి ముందర అడగాలి గదండి” అని కుమారుని వైపు చూపెను. బాలుడు గోడ ప్రక్కను నిలిచి బొటనవ్రేలితో నేల వ్రాయుచుండెను. అంతకు రెండు దినములు ముందుగనే వానిని బట్టీకి ఇటుకలు మోయుటకు తీసికొనిపోయిరని తరువాత తెలిసినది. సోమవారమునాడు తండ్రియే వానిని పెట్టెతో సహా తెచ్చి దిగవిడిచెను. నడుమ వాడు తప్పిన పరీక్షను ఉపాధ్యాయులు వేఱుగా పెట్టిరి. కట్టిన మువ్వురి సొమ్మును తిరిగి పంపితిమి.

పిమ్మట జతపట్టికను మార్చితిమి. దుబాసి తనంతట తాను వేసికొను పట్టికకు బదులు మనము స్వయముగ వేసిన పట్టికను నడుమ నిలుపుటకు జాంగోలో వీలు కలదు. అందు రెండు సంఖ్యలు గాక, ఎప్పటినుండి, ఎప్పటివఱకు, ఎవరిచేత అను మూడు గడులు పెట్టితిమి. ఇప్పుడు ఆ పట్టికలో తీసివేయుట యను పని లేదు. అంత్యదినము వ్రాయుట మాత్రమే. ఉన్న పట్టికను సమాచారము చెడకుండ ఇట్లు మార్చుట చెప్పినంత సులభముగ జరుగలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు. ముగించి గుమాస్తాగారికి చూపగా, “ఇది నా ఎఱ్ఱగీతే కదటోయ్” అనిరి. నోటీసులు ఇప్పుడు ఆయన సంతకము లేక అచ్చుపడవు. పాత ప్రతులను సంవత్సరము దాచుచున్నాము. చోటెంత పట్టునని లెక్క చూడగా, ఒక పెండ్లి ఫోటోల పాటి లేదు.

ఆ దినములలోనే యొక సాయంకాలము, ఆటల గంట మ్రోగిన తరువాత, ఆ బాలుడు కార్యాలయపు గుమ్మమువద్ద వచ్చి నిలిచెను. లోనికి రమ్మంటిమి. కంప్యూటరులో తన పేరున్నదా యని అడిగెను. జతపట్టిక తెఱచి వాని వరుసను చూపితిమి. వాడు తెరమీదికి వంగి చూచి, “నా పేరేదండీ?” అనెను. ఇక్కడ పేరుండదు, 112 అనునది నీవే, పేరు వేఱొక పట్టికలో నున్నదని చెప్పితిమి. 4 అనగా నేమని అడిగెను. చెప్పితిమి. ఎప్పటివఱకు అను గడి ఖాళీగా నుండుట చూచి, దానిలో నేమి వ్రాయుదురని అడిగెను. నీవు పదవ తరగతి ముగించి పోవునాడు ఆ తేదీ వ్రాయుదుమంటిమి. వాడు తల యూపి, తన ప్రక్క మంచపు బాలుని సంఖ్య యెంతో అదియును చూపుమనెను.